రక్తం జబ్బు నరాలకు పాకుతుందా? లుకేమియా (రక్త క్యాన్సర్) ఓపీలో రోజూ వినే అపోహలు

"రక్తానికి, నరాలకి ఏటి సంబంధం బాబూ?" విశాఖలో మా ఓపీకి శ్రీకాకుళం, పాడేరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే.

అపోహ: రోజూ ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటున్నాం, తలకేమీ కాదు.

వాస్తవం: ఆ మాత్ర వాడే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా (నెమ్మదిగా ముదిరే ఒక రకం రక్త క్యాన్సర్) అదుపులో ఉన్నంతకాలం దాదాపు నిజమే. ముదిరి బ్లాస్ట్ క్రైసిస్‌కి (ఎదగని చెడ్డ కణాలు ఒక్కసారిగా పెరిగిపోయే దశకి) వెళ్తే, అందులోనూ లింఫాయిడ్ రకమైతే (ఆ కణాలు లింఫోసైట్ అనే తెల్లకణాల జాతివైతే), చెడ్డ కణాలు మెదడు పొరల్లోకి చేరొచ్చు. ఇమాటినిబ్ అక్కడికి సరిగా చేరదు. అందుకే రక్తం రిపోర్టు బాగున్నా లోపల జబ్బు ఉండొచ్చు. అదే కోవ మందు డాసాటినిబ్ ఈ విషయంలో కొంత నయం.

గాజువాక నుంచి వచ్చే ఒకాయనకు సెలూన్‌లో బ్లేడు తెగి గడ్డం మీద రక్తం కారుతున్నా, అద్దంలో చూసేదాకా తెలియలేదట. పంటి డాక్టరుకు చూపించుకుని ఊరుకున్నారు. కింది పెదవి, గడ్డం ఒక పక్క మొద్దుబారితే మిగతావాళ్ల మాటెలా ఉన్నా, లుకేమియా ఉన్నవాళ్లలో మాత్రం చెడ్డ కణాలు ఆ నరం దాకా పాకాయేమోనని నాకు టెన్షనే. మూతి వంకర పోయినా, ఒకటి రెండుగా కనబడినా అంతే. పక్షవాతం మందు కోసం ఊళ్లు తిరగకండి.

అపోహ: వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయి.

వాస్తవం: మెదడు పొరల్లోకి జబ్బు చేరిందో లేదో చూసేది ఈ నీటిలోనే. ఈ భయంతో సంతకం పెట్టకుండా వెళ్లిపోయినవాళ్లున్నారు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం పైభాగంలోనే అయిపోతుంది. మేం సూది గుచ్చేది దాని కింద. అక్కడ నరాల పోగులు నీళ్లలో తేలుతుంటాయి, సూది తగిలితే సాధారణంగా పక్కకు జరుగుతాయి. తర్వాత కొందరికి తలనొప్పి వస్తుంది: లేచి కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) బాగా తక్కువుంటే ముందు ఎక్కిస్తాం. మెదడు పొరల్లోని జబ్బుకి మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు ఇచ్చేదీ అదే దారిన. రక్తనాళంలోకే ఇవ్వాల్సిన విన్‌క్రిస్టిన్ అనే ఇంకో క్యాన్సర్ మందు మాత్రం వెన్నులోకి పోతే ప్రాణం పోతుంది, అందుకే ఆ రెండూ ఒకే ట్రేలో కనబడితే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: తలనొప్పి ఎండకే.

వాస్తవం: తెల్లకణాలు లక్షల్లోకి పెరిగితే సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. చూపు మసక, చెవిలో హోరు, మగత. ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు మెదడులో రక్తస్రావం కావచ్చు. సొంతంగా ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు.

అపోహ: అక్కి వస్తే జాజు రాయిస్తే చాలు.

వాస్తవం: క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అనే ఇంకో రకంలో ఒంట్లో రక్షణ తగ్గి, నరంలో దాక్కున్న పాత ఆటలమ్మ వైరస్ మళ్లీ లేస్తుంది. ఎసైక్లోవిర్ లాంటి మందు 72 గంటల్లోపు మొదలుపెడితే మంచిది. కంటి దగ్గర వస్తే ఆ రోజే రండి. జాజుతోనే వచ్చేయండి, ఎవరం ఏమీ అనం.