ఫుట్‌పాత్ వేస్తే పేదలు పేట వదలాల్సిందేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: నడకదారి, సైకిల్ బాట వస్తే అద్దెలు పెరిగి బీదాబిక్కీ ఖాళీ చేస్తారు.

దీనికి అందరూ చూపించేది న్యూయార్క్‌లో 2009లో తెరిచిన హైలైన్‌ని. పాత రైలు వంతెన మీది నడకదారి అది. చుట్టూ ఖరీదైన అపార్ట్‌మెంట్లు లేచిన మాట నిజమే. కానీ అక్కడ ఎత్తైన కట్టడాలకు వీలిస్తూ 2005లోనే జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనలు) మార్చారు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. తిరుపతిలో బస్టాండు, రైల్వే స్టేషన్ దగ్గర ఇల్లు లాడ్జి గదులైతే వచ్చే రాబడి ముందు నెల అద్దె ఏ మూలకు? అదే ఊళ్లోని కొర్లగుంట పేటలో కాలువ మీద పలకలు పరిచి ఫుట్‌పాత్ చేసినంత మాత్రాన ఆ లెక్క మారదు.

అపోహ: అయితే ఎవరికీ నష్టం లేదు.

ఉంది. మొదటి దెబ్బ తోపుడు బండ్లవాళ్లకే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే ముగిసి అందరికీ సర్టిఫికెట్లు అందేదాకా ఎవరినీ లేపకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలి. టెండరు పిలిచాక కమిటీ గుర్తొస్తే పని కోర్టులో ఆగుతుంది. బండ్ల లెక్క పొద్దున, సాయంత్రం తీయాలి, శనివారం రద్దీలో మళ్లీ తీయాలి. ప్రతి బండీ డ్రాయింగులో కనిపించాలి.

అపోహ: రోడ్డు వెడల్పు చేస్తేనే నడిచే చోటు దొరుకుతుంది.

జనాన్ని నిజంగా పంపేసేది ఈ వెడల్పే. పోయిన స్థలానికి బదులుగా ఇచ్చే టీడీఆర్ బాండు (వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు) యజమాని చేతికి వస్తుంది, అద్దెకున్నవాడికి రాదు. 12 మీటర్ల వీధిని కొట్టాల్సిన పనే లేదు: వాహనాలు తిరగడానికి 6 మీటర్లు, రెండు పక్కలా అడ్డులేని 1.8 మీటర్ల చొప్పున ఫుట్‌పాత్ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నడకదారుల ప్రమాణం ఐఆర్‌సీ 103 చెప్పే కనిష్ఠం అదే), మిగిలిన 2.4 మీటర్లు అమ్మకాలకో పార్కింగుకో. రెండూ కావాలంటే కుదరదు. కార్ల కోసం తోపుడు బండ్లను బలిచేస్తే అది ఇంజినీరింగు కాదు, పక్షపాతం.

అపోహ: సైకిల్ బాట ఉన్నోళ్ల షోకు.

తెల్లారగట్ల పాలు, పేపరు వేసేవాళ్లనీ, పనికెళ్లే కూలీలనీ చూడండి. ఉత్త పెయింటు గీత మాత్రం మధ్యాహ్నానికి స్కూటర్ స్టాండే.

అపోహ: కెర్బు (ఫుట్‌పాత్ అంచు గట్టు) ఎంత ఎత్తుంటే అంత భద్రం.

150 మిల్లీమీటర్లు దాటకూడదు. పాత పేటల్లో గడపలు పల్లంగా ఉంటాయి. కాలువ పలక వాటికన్నా పైకి లేస్తే వాన నీళ్లు ఇంట్లోకే. నేల ఎత్తు చేసుకోలేనివాళ్లు ఇల్లే మారతారు. కాబట్టి లెవెల్ తీయడం వీధిలో అన్నిటికన్నా పల్లపు గడప దగ్గర మొదలుపెట్టాలి.