కనుమ మంటలూ బూడిద దిబ్బల్లోని ఎముకలూ

కనుమ సాయంత్రం చిత్తూరు పల్లెల్లో పశువులను ఊరి బయటికి తోలుకెళ్తారు. పశువుల దేవుడిగా కొలిచే కాటమరాజుకు పొంగలి పెట్టి, చిట్లాకుప్పకు, అంటే పోగేసిన ఎండు కంపల కుప్పకు, నిప్పంటిస్తారు. పశువులకూ మంటకూ ముడిపెట్టిన పండుగలు దక్షిణాదిలో ఇంకా ఉన్నాయి. పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బను తవ్వినప్పుడు ఆయనకు తట్టినవి ఇలాంటి పండుగలే.

రాయలసీమ, తెలంగాణ, కర్ణాటకల్లో ఈ దిబ్బలు చాలా ఉన్నాయి. హంపి దగ్గరి దిబ్బను వాలి చితాభస్మం అంటారు. అగ్నిపర్వతాల బూడిద అనుకున్నవారూ ఉన్నారు. నిజానికి అది ఏళ్ల తరబడి పోగై, మళ్లీమళ్లీ కాల్చిన పశువుల పేడ. ఉట్నూరులో దొడ్డి కంచె గుంటలతో పాటు పశువుల గిట్టల అచ్చులు కూడా బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన అచ్చులవి! పండుగ రోజుల్లో పేడ కుప్పలను తగలబెట్టి ఉంటారని ఆల్చిన్ ఊహించారు. ఇది ఊహే, రుజువు కాదు. కానీ నాకు నచ్చిన ఊహ.

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీకి చెందిన వి. రామిరెడ్డి అనంతపురం జిల్లా పాలవాయిలో ఇలాంటి దిబ్బనే తవ్వారు.

ఈ దిబ్బల కాలం నాటి స్థలాల్లో దొరికే ఎముకల్లో ఆవులు, ఎద్దులవే ఎక్కువ. తర్వాత గొర్రెలు, మేకలు. కర్ణాటకలోని బూదిహాళ్‌లో పశువులను కోసిన చోటే బయటపడింది. అంటే గొడ్డుమాంసం తిన్నారు, ఇందులో దాచాల్సిందేమీ లేదు. అయితే ‘తిన్నారా, లేదా’ అన్న గొడవ దగ్గరే ఆగిపోతే ఎముకలు చెప్పేది సగం కూడా వినం. పళ్ల అరుగుదలను బట్టి పశువు వయసు తెలుస్తుంది. లేత వయసువే ఎక్కువగా ఉంటే మాంసం కోసం పెంచారనుకోవచ్చు. ముసలివి ఎక్కువైతే పాలకో, బరువు పనికో ఉంచుకున్నారని అర్థం. బరువులు లాగిన ఎద్దు కాలి ఎముకలు కీళ్ల దగ్గర అదనంగా పెరిగి, వెడల్పవుతాయి. ఎముకల మీది కత్తి గాట్లు కోత పద్ధతిని చెప్తాయి. అదే మట్టిలో ఉలవలు, పెసలు, చిరుధాన్యాల గింజలు దొరికాయి కాబట్టి వాళ్లది ఒట్టి మాంసం తిండి కాదు.

ఇవన్నీ తెలియాలంటే ఎముక ఏ పొరలో, దేని పక్కన దొరికిందో నమోదై ఉండాలి. చాలా దిబ్బల్లో ఆ అవకాశం ఇప్పటికే పోయింది. బూడిద మంచి ఎరువని రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం, అదేమిటో వాళ్లకు చెప్పినవాళ్లే లేరు. మిగిలిన దిబ్బల దగ్గరైనా ముందు ఒక బోర్డు, తర్వాత ఒక కంచె కావాలి.