కోడి కనిపించని కోళ్ళ ప్రదర్శన

షాద్‌నగర్

చిరంజీవులందరికీ తాతయ్య ఆశీస్సులు.

హైదరాబాదులోని హైటెక్స్ ప్రదర్శనశాలలో జరిగే కోళ్ళ పరిశ్రమ ప్రదర్శన గురించి మీ నాన్న చెప్పింది విని, ‘అన్ని హాళ్ళు తిరిగినా ఒక్క కోడీ లేదట, అదేం కోళ్ళ ప్రదర్శన?’ అని అడిగారు. దేవుడు లేని కురుమూర్తి జాతరలా ఉందని నాకూ మొదట్లో అనిపించింది. దీనికి జవాబు ఫోనులో రెండు మాటల్లో తేలేది కాదు. నూట ఎనభై ఏళ్ళ కథ ఉంది. తీరిగ్గా చదవండి.

మొదట్లో అంతా కోడే. 1845లో లండన్ జంతు ప్రదర్శనశాలలో పెద్ద కోళ్ళ పోటీ పెట్టారు. 1849 నవంబరులో అమెరికాలోని బోస్టన్‌లో పెట్టారు. చైనా నుంచి ఓడల్లో దిగిన కొచ్చిన్ కోళ్ళను చూసి అక్కడి జనానికి మతి పోయింది. కాళ్ళ దాకా ఈకలు, గొర్రెపిల్లంత ఒళ్ళు. మన బ్రహ్మపుత్ర పేరు తగిలించుకున్న బ్రహ్మ జాతి కోడిని ఒక అమెరికా వ్యాపారి 1852లో విక్టోరియా రాణికి కానుకగా పంపాడు. ఆ కానుకతో తన కోళ్ళ ధర ఎంత పెరుగుతుందో ఆయనకు బాగా తెలుసు. ప్రచారం అనే విద్య ఈ కాలం వాళ్ళదని అనుకోకండి.

ఆ పోటీల్లో న్యాయనిర్ణేతలు చూసింది జుట్టు, ఈక, నడక. ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుంది, కిలో బరువు పెరగడానికి ఎంత దాణా తింటుంది అని అడిగినవాడు లేడు. 1873లో అమెరికాలో కోళ్ళ పెంపకందారుల సంఘం పుట్టి, మరుసటి ఏడాది ఏ జాతి ఎలా ఉండాలో రాసిపెట్టింది. అప్పటికీ లెక్క అందానిదే.

లెక్క మారడానికి కారణం ఒక గృహిణి. 1923లో డెలావేర్ రాష్ట్రంలో సెసిల్ స్టీల్ అనే ఆమె ఇంట్లో గుడ్ల కోసం యాభై పిల్లలు కావాలని హ్యాచరీకి కబురు పెట్టింది. వాళ్ళు పొరపాటున ఐదు వందలు పంపారు. వెనక్కి పంపకుండా చిన్న షెడ్డు వేయించి, పెంచి, మాంసానికి అమ్మింది. లాభం వచ్చింది. మరుసటి ఏడాది వెయ్యి పెంచింది. ఇరుగుపొరుగు చూశారు, వాళ్ళూ మొదలుపెట్టారు. ఆమె వేయించిన ఆ చిన్న షెడ్డును ఇప్పటికీ భద్రంగా ఉంచారు. మీరు బ్రాయిలర్ అని పిలిచే కోడి వ్యాపారం అక్కడ అంకురించింది.

దాదాపు అదే కాలంలో మరొకటి జరిగింది, దీన్ని ఎవరూ అంతగా చెప్పుకోరు. అంతకు ముందు కోడిపిల్లలను నెలల తరబడి గదిలో పెడితే కాళ్ళు వంకర తిరిగేవి. ఎండ తగలక విటమిన్ డి అందకపోవడమే కారణమని 1920లలో తేలింది. చేప నూనె దాణాలో కలిపితే ఎండ లేకపోయినా కాళ్ళు గట్టిపడ్డాయి. గంప కింద, దొడ్లో, పెంటకుప్ప మీద తిరిగిన కోడి షెడ్డులోకి వెళ్ళింది ఆ నూనె వల్లే. షెడ్డులోకి వెళ్ళాక దానికి గాలి, నీళ్ళు, వెలుతురు, మేత, మందు అన్నీ మనిషే ఇవ్వాలి. ఇవ్వాల్సిన ప్రతిదానికీ అమ్మేవాడు పుట్టాడు. ప్రదర్శనలో మీ నాన్న చూసింది ఆ అమ్మేవాళ్ళనే.

కోడి కథానాయకిగా నిలిచిన పెద్ద పోటీ ఒకటి 1948లో డెలావేర్‌లోనే జరిగింది. ‘రేపటి కోడి’ అని పేరు. పోటీదారులు కోళ్ళను తీసుకురాలేదు, గుడ్లు పంపారు. అన్నిటినీ ఒకేచోట పొదిగించి, ఒకే దాణాతో పన్నెండు వారాలు పెంచి, కోసి, తూచారు. ఎదలో మాంసం ఎంత, తిన్న దాణా ఎంత అని చూశారు. కాలిఫోర్నియాకు చెందిన వాన్‌ట్రెస్ పంపిన సంకర జాతి గెలిచింది. ఈకల అందానికి అక్కడ మార్కులు రాలేదు. ఆ తర్వాత జాతుల తయారీ కొద్ది కంపెనీల చేతుల్లోకి పోయింది. తాత తరం కోళ్ళు వాళ్ళ దగ్గర తాళం వేసిన షెడ్లలో ఉంటాయి. మనకు వచ్చేది మనవళ్ళ తరం. ఆ మనవళ్ళను మనమే జత కట్టించి పిల్లలు తీస్తే ఆ గుణం నిలవదు. కాబట్టి చూసి, బేరమాడి కోడిని ఎంచుకునే పని రైతుకు లేకుండా పోయింది. ఎంచుకునే పని లేనప్పుడు ప్రదర్శనకు తేవడం ఎందుకు?

ఇంకో కారణం రోగం. నాలుగు రాష్ట్రాల కోళ్ళను ఒక హాల్లో పెట్టి, వందల మంది రైతుల చెప్పులు అక్కడ తిరిగి, సాయంత్రానికి ఎవరి షెడ్డుకు వాళ్ళు వెళితే ఏమవుతుందో ఊహించండి. కొక్కెర తెగులుకు రాణిఖేత్ వ్యాధి అని పేరు రావడానికి 1927లో ఉత్తరాదిన కొండల్లోని ఆ ఊళ్ళో పుట్టిన ఉపద్రవమే కారణం. మెడ తిప్పుకుంటూ, ఆకుపచ్చగా పారుతూ, ఉన్న మంద ఉన్నట్టే పోతుంది. 1940లలో ముక్తేశ్వర్‌లోని పశు పరిశోధన సంస్థలో టీకా తయారయ్యేదాకా మన ఊళ్ళలో దాన్ని అమ్మవారి కోపం అనుకునేవారు. ఇప్పుడు మన షెడ్డులో పిల్లలు దిగిన మొదటి వారంలోనే కంట్లో ఆ తెగులుకు లసోటా అనే టీకా చుక్క వేస్తాం.

ఇక ఈ ప్రదర్శనల సంగతి. అమెరికాలో ఆగ్నేయ రాష్ట్రాల కోళ్ళ, గుడ్ల సంఘం 1947లో పుట్టింది. దాని ప్రదర్శన పెరిగి పెరిగి అట్లాంటా నగరంలో ప్రతి జనవరిలో జరిగే పెద్ద సంత అయింది. 2013 నుంచి కోళ్ళు, దాణా, మాంసం ప్రదర్శనలు మూడూ ఒకే పేరు కింద నడుస్తున్నాయి. అట్లాంటానే ఎందుకంటే పక్కనే గెయిన్స్‌విల్ ఉంది. అక్కడ జెస్సీ జ్యూయెల్ అనే దాణా వ్యాపారి 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో చేతిలో పైసా లేని రైతులకు పిల్లలను, దాణాను అప్పుగా ఇచ్చి, పెరిగిన కోళ్ళను తానే కొన్నాడు. మన దగ్గర ఇంటిగ్రేషన్ అంటున్నది అదే పద్ధతి. 1990లలో కోయంబత్తూరు వైపు పాతుకుని ఇటు వచ్చింది. ఆ గెయిన్స్‌విల్ వాళ్ళు 1961లో వేయించిన కోడిని ఫోర్కుతో తినకూడదని, చేత్తోనే తినాలని సరదాకు చట్టం కూడా చేశారు. ఆ ఒక్క విషయంలో వాళ్ళు మనవాళ్ళే.

ప్రపంచ కోళ్ళ మహాసభ అని ఇంకొకటి ఉంది. అది 1921లో హేగ్ నగరంలో మొదలై 1996లో ఢిల్లీకి వచ్చింది. దాన్ని ఇక్కడికి తేవడానికి పాటుపడిన మన తెలుగువాడు బండా వాసుదేవరావు గారు అదే ఏడాది, సభలకు ముందే కన్నుమూశారు. ఆయన 1971లో హైదరాబాదులో వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టారు. నా లెక్కలో అంతకంటే పెద్ద పని 1982లో చేశారు. అప్పటిదాకా గుడ్డు ధర వ్యాపారి చెప్పిందే. రైతులను కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ సంఘం పెట్టించారు. ‘నా గుడ్డు, నా ధర, నా జీవితం’ అన్నది దాని నినాదం. పొద్దున్నే ఫోనులో ‘ఈరోజు నెక్ రేటు ఎంత?’ అని నేను అడుగుతానే, అది ఆ సంఘం ప్రకటించే ధరే.

హైటెక్స్‌లో నవంబరులో జరిగే ప్రదర్శనను పెట్టింది గుడ్ల సంఘం కాదు, పనిముట్లు తయారు చేసేవాళ్ళ సంఘం. ఇది గుర్తుంచుకుంటే అక్కడ కోడి ఎందుకు లేదో సగం అర్థమవుతుంది. 2024లో జరిగింది పదహారవది. కోవిడ్ వల్ల 2020, 2021లో జరగలేదు. మొదటిది ఏ ఏడాదో లెక్క మీరే కట్టండి. ముందురోజు డాక్టర్ల ప్రసంగాలు, తర్వాత మూడు రోజులు స్టాళ్ళు. నాకు నవ్వు తెప్పించేది తేదీలు. చాలా ఏళ్ళు అది కార్తీకంలోనో, కార్తీకం అంచునో పడుతుంది. ఊరంతా ఉపవాసాలుండి మాంసం ముట్టని నెలలో దేశంలోని కోళ్ళవాళ్ళంతా హైదరాబాదుకు దిగుతారు. అమ్మకాలు తగ్గిన నెల కాబట్టి రైతుకు తీరిక దొరుకుతుందని నేను సర్దిచెప్పుకుంటాను.

ఆ స్టాళ్ళను చూసే పద్ధతి ఒకటి చెబుతాను. ప్రతి వస్తువు వెనుక ఎవరో రైతు పడిన నష్టం ఉంటుంది. నిపుల్ డ్రింకర్ తీసుకోండి. చిన్న లోహపు మొన, కోడి ముక్కుతో పొడిస్తే చుక్క పడుతుంది. చూడటానికి ఏమీ లేదు. దానికి ముందు తొట్లలో నీళ్ళు పోసేవాళ్ళం. కోళ్ళు చిందిస్తే కింద పరిచిన వరి ఊక తడిసి, అమ్మోనియా ఘాటుకు కళ్ళు మండేవి, పిల్లలకు రక్తపారుడు వచ్చేది. ఆ మొన వచ్చాక ఊక పొడిగా ఉంటోంది.

ఫ్యాన్లు, తడి ప్యాడ్ల స్టాళ్ళ దగ్గర మన పాలమూరు, నల్లగొండ రైతులు ఎక్కువసేపు నిలబడతారు. కోడికి చెమట పట్టదు. ముక్కు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన ముఖ్య ఉపాయం. మే నెలలో ఎండ నలభై మూడు దాటితే మధ్యాహ్నం రెండింటికి షెడ్డులో రొప్పు తప్ప ఇంకో చప్పుడు ఉండదు. చుట్టూ గోనె పట్టాలు కట్టి తడుపుతాం, రేకుల మీద గడ్డి పరిచి నీళ్ళు చల్లుతాం, కరెంటు పోతే దేవుణ్ణి తిడతాం. ఒక వేసవిలో గుడ్డు మీదున్న పెట్టలను ట్రాక్టరులో వేసి గోతికి తీసుకెళ్ళాం. మీ నానమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. మూసిన షెడ్డుకు ఒక గోడంతా తడి ప్యాడ్లు, ఎదురు గోడకు పెద్ద ఫ్యాన్లు పెడితే లోపలి గాలి బాగా చల్లబడుతుంది. మనది పొడి ఎండ కాబట్టి ఉక్కపోసే కోస్తాలో కంటే ఇక్కడ బాగా పనిచేస్తుంది. కానీ దాని ఖర్చు చిన్న రైతును దాటిపోతుంది. బ్యాంకు ఇస్తుంది, బ్యాంకుకు తిరిగి ఇవ్వాలి కదా.

రాజేంద్రనగర్‌లో 1988 నుంచి ఉన్న కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ గురించి కూడా తెలుసుకోండి. పెరట్లో తిరిగి బతికే వనరాజ, గ్రామప్రియ కోళ్ళు అక్కడివే. నాటు కోడి ఏడాదికి అరవై, డెబ్బై గుడ్లు పెడితే గొప్ప, షెడ్డులో గుడ్ల కోసం పెంచే లేయరు కోడి మూడు వందలు దాటిస్తుంది. గ్రామప్రియ ఆ రెంటి మధ్యన నడుస్తుంది. షెడ్డు వేయలేని ఇంటికి అది మేలు.

ఏ స్టాలులోనూ మందు దొరకని జబ్బు పుకారు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ బయటపడింది. నవాపూర్ ఎక్కడ, షాద్‌నగర్ ఎక్కడ! అయినా ఇక్కడ కొనేవాడు లేడు. 2020లో అయితే కోడికి రాని కరోనాను కోడికి అంటగట్టారు. ఫిబ్రవరి చివర హైదరాబాదులో మంత్రులే వేదిక ఎక్కి జనం ముందు చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. జనం నమ్మేలోపు చాలామంది రైతులు ఒక బ్యాచ్ మొత్తం పోగొట్టుకున్నారు.

2022-23లో దేశంలో పుట్టిన గుడ్లు పదమూడు వేల ఎనిమిది వందల కోట్లకు పైనే. అందులో ఎనిమిదో వంతు తెలంగాణవి. ఆ ఏడాది మనిషికి నూట ఒకటి వచ్చాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నూట ఎనభై తినమంటుంది. ఇంత పెద్ద వ్యాపారానికి ఏడాదికోసారి ఇంత పెద్ద ప్రదర్శన జరుగుతుంది కదా, అక్కడ నాకు కావలసిన ఒక స్టాలు మాత్రం కనిపించదు. దాణాలో వేసే మక్కల ధర పెరిగి నెక్ రేటు పడిపోయిన నెలలో రైతు ఏం చేయాలో చెప్పే స్టాలు. ఖర్చులో ముప్పావు వంతు దాకా దాణాదే. ఆ సంగతి ముందురోజు ప్రసంగాల్లో ఎవరో ఒకరు ఎత్తుతారు, చప్పట్లు కొడతారు, భోజనానికి లేస్తారు.

బతికిన కోళ్ళను చూడాలని ఉంటే సంక్రాంతి సెలవులకు రండి, పన్నెండో వారం పిల్ల పెట్టలు ఉంటాయి. గేటు దగ్గర మందు నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచి, నేనిచ్చే చెప్పులు వేసుకున్నాకే లోపలికి. చిన్నవాడు పోయినసారి తొట్టి మీంచి దూకాడు, వాడికి ముందే చెప్పి తీసుకురండి.

మీ తాతయ్య