దిల్‌సుఖ్‌నగర్ ఎన్ని బైట్లు? సీ స్ట్రింగ్‌లపై అపోహలు - వాస్తవాలు

గచ్చిబౌలిలో సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో కోడ్ రాస్తుంటాను, కొత్తగా చేరినవాళ్ల కోడ్ రివ్యూ చేస్తుంటాను. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినా, పెద్ద కాలేజీలో చదివి వచ్చినా, స్ట్రింగ్‌ల (అంటే ప్రోగ్రామ్‌లో అక్షరాల వరుసల) దగ్గర అందరి నమ్మకాలూ దాదాపు ఒకటే. ఒకప్పుడు నేనూ ఇవే నమ్మాను.

అపోహ: స్ట్రింగ్‌ను కాపీ చేసే స్ట్రింగ్-కాపీ ఫంక్షన్ బదులు, సైజు కూడా చెప్పాల్సిన స్ట్రింగ్-ఎన్-కాపీ వాడితే సేఫ్.

ఇచ్చిన సైజు దాటి రాయదు, అంతవరకు నిజమే. కానీ మనం కాపీ చేసేది ఆ సైజుకు సరిపడా ఉన్నా, ఎక్కువున్నా, చివర సున్నా బైటు పెట్టదు. సీలో స్ట్రింగ్ ఎక్కడ అయిపోయిందో చెప్పేది ఆ సున్నా ఒక్కటే. అసలు ఈ ఫంక్షన్ పుట్టింది మామూలు స్ట్రింగ్‌ల కోసం కాదు. పాత యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డైరెక్టరీలో ఫైలు పేరుకు 14 బైట్ల గడి ఉండేది. పేరు చిన్నదైతే మిగతా చోటంతా సున్నాలు, గడి నిండితే సున్నా అక్కర్లేదు. ఆ పనికి ఇది సరిగ్గా సరిపోతుంది.

మా దగ్గర జరిగింది చెప్తాను. పార్సిళ్లకు లేబుల్ ప్రింట్ చేసే ప్రోగ్రామ్. స్ట్రక్చర్‌లో (ఒక పార్సిల్ వివరాలన్నీ పక్కపక్క గడుల్లో ఉండే చోటు) ఏరియా పేరుకు 32 బైట్లు, దాని పక్కనే ఫోన్ నంబరు. దిల్‌సుఖ్‌నగర్ అని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో 12 అక్షరాలు కొట్టి టెస్ట్ చేశాం, పాసైంది. తర్వాత తెలుగు లేబుళ్లు మొదలయ్యాయి. పేరుతో 32 బైట్లూ నిండిపోయాయి, సున్నాకు చోటు లేదు. ప్రింట్ చేసే ఫంక్షన్ ఆగకుండా పక్క గడిలోకి వెళ్లిపోయింది. లేబుల్ మీద "దిల్‌సుఖ్‌", తర్వాత ఒక చెత్త గుర్తు, దాన్ని ఆనుకుని కస్టమర్ ఫోన్ నంబరు. బయటికి కనపడకూడదని మేం దాచిన నంబరది. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు. ఎన్ని లేబుళ్లు అలా బయటికి వెళ్లాయోనని ఆ రోజంతా టెన్షన్.

అపోహ: ఏడక్షరాల పేరుకు 32 బైట్లు బోలెడు.

లెక్కపెట్టి చూద్దాం. ది, ల్, సు, ఖ్, న, గ, ర్: కంటికి ఏడే. కానీ అన్ని భాషల అక్షరాలకూ నంబర్లు (కోడ్‌లు) ఇచ్చే యూనికోడ్‌లో గుణింతపు గుర్తుకూ పొల్లుకూ విడి కోడ్‌లు ఉంటాయి. ల్ కింద వత్తు పడకుండా కంటికి కనపడని నాన్-జాయినర్ ఒకటి, ఖ్ తర్వాత ఇంకొకటి. మొత్తం 14 కోడ్‌లు. ఆ కోడ్‌లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో వీటిలో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 42. సున్నాతో కలిపి 43. 32 దగ్గర కోస్తే పది కోడ్‌లు పూర్తిగా వచ్చి, "న"లో రెండు బైట్లే మిగులుతాయి. ఆ చెత్త గుర్తు అదే.

కోడ్ మధ్యలో తెగకుండా చూసుకోవడం తేలికే. కోసే చోట ఉన్న బైటు 1, 0 బిట్లతో మొదలైతే అది ఏదో కోడ్‌కు కొనసాగింపు, కాబట్టి వెనక్కి జరగాలి. అలా చేసినా "సు" కాస్తా "స" అయిపోవచ్చు. అందుకే మనుషుల పేర్లనూ ఊళ్ల పేర్లనూ కోయడం కంటే, పట్టదని ఎర్రర్ ఇవ్వడమే మర్యాద అని నా అభిప్రాయం.

పోల్చేటప్పుడు ఇంకో చిక్కు. ఒకరు నాన్-జాయినర్‌తో, ఇంకొకరు అది లేకుండా టైప్ చేస్తే కంప్యూటర్‌కు అవి వేర్వేరు పేర్లు. "హై"లోని ఐత్వాన్ని కూడా ఒక కోడ్‌గానో రెండు కోడ్‌లుగానో రాయొచ్చు. ఒకే అక్షరానికి ఎప్పుడూ ఒకే కోడ్‌ల వరుస ఉండేలా మార్చే నార్మలైజేషన్ ఐత్వం సంగతి చూసుకుంటుంది గానీ నాన్-జాయినర్‌ను తీసేయదు. వెతకడానికి వాడే కాపీలో దాన్ని మనమే తీసేయాలి.

అపోహ: బఫర్‌లోకి (రాత పెట్టుకునే మెమరీ గడి) సైజు చెప్పి రాయించే ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ పెట్టాక ఇక చూడక్కర్లేదు.

సైజు సున్నా కాకపోతే చివర సున్నా పెడుతుంది, మంచిదే. కానీ అది తిరిగిచ్చేది, మొత్తం రాస్తే చివరి సున్నా కాకుండా ఎన్ని బైట్లు పట్టేవో ఆ లెక్క. బఫర్ సైజుకు సమానంగానో ఎక్కువగానో వస్తే రాత తెగిందని అర్థం. దాన్ని చూడకుండా "ఇక్కడినుంచి తర్వాతది రాయి" అని వాడితే బఫర్ దాటిపోతాం.

అపోహ: బఫర్ పొంగితే మహా అయితే క్రాష్ అవుతుంది.

క్రాష్ అయితే అదృష్టం, తప్పు తెలుస్తుంది. కాకపోతే బయటివాళ్లు ఆ దారినే లోపలికి దూరొచ్చు. 1988 నవంబరులో ఇంటర్నెట్‌లో తనంతట తానే పాకిన మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ మెషీన్లలోకి దూరిన దారుల్లో ఒకటి, యూజర్ల వివరాలు చెప్పే ఫింగర్ సర్వీసులో సైజు చూడకుండా ఇన్‌పుట్ చదివే గెట్స్ ఫంక్షన్. సీ ప్రమాణంలోంచి గెట్స్‌ను తీసేసింది 2011లో.

అపోహ: సీ ప్లస్ ప్లస్ స్ట్రింగ్ వాడితే ఈ గొడవలే ఉండవు.

చాలావరకు ఉండవు, వాడండి. కానీ 2017 ప్రమాణంలో వచ్చిన స్ట్రింగ్-వ్యూ వేరేవాళ్ల మెమరీని చూపిస్తుందంతే. తాత్కాలిక స్ట్రింగ్‌కు వ్యూ తీసి దాచుకుంటే, ఆ లైను దాటాక అక్కడ ఏముంటుందో ఎవరికీ తెలియదు. దాని చివర సున్నా ఉంటుందన్న హామీ కూడా లేదు.

మా టీమ్‌లో స్ట్రింగ్ కోడ్ ఏది రివ్యూకి వచ్చినా ఇప్పుడు మొదటి ఇన్‌పుట్ దిల్‌సుఖ్‌నగర్, తెలుగులో. తర్వాత సరిగ్గా 31, 32, 33 బైట్ల పేర్లు.