పోపుల పెట్టె, చెత్త బండి

పిల్లలూ,

మొన్న మా మనవరాలు చిన్ని ఫోనులో అడిగింది: "తాతయ్యా, అమ్మ తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా పెడుతుంది. బండి అతను రెండూ కలిపేస్తున్నాడు. మరి మనకెందుకీ శ్రమ?" నాకు వెంటనే జవాబు తోచలేదు.

వంటింట్లో పోపుల పెట్టె చూడండి. చిన్నప్పుడు ఒకసారి అది నా చేతిలోంచి జారింది. ఆవాలు, జీలకర్ర, మెంతులు కలిసిపోయాయి. మా అమ్మ చేటలో పోసి మధ్యాహ్నమంతా నా చేత ఏరించింది. పసుపు అంటిన ఆవాలు చివరికి పెరట్లోకే పోయాయి. చెత్తా అంతే. కూర తొక్కలు కుళ్లితే ఎరువు, పాత కాగితం మళ్లీ కాగితం. కాగితం మీద నిన్నటి సాంబారు ఒలికిందా, రెండూ పాడు! ఇంగువ డబ్బా మూత బిగించి విడిగా ఉంటుంది కదా, అయిపోయిన బ్యాటరీలు, కాలం చెల్లిన మాత్రలు అలాంటివి. (ఈ పోలికకు మీ నానమ్మ నన్ను క్షమించదు.) 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు అప్పట్లో చెప్పినవీ ఈ మూడు గిన్నెలే. వీధిలో పారేయకూడదు, తగలబెట్టకూడదు. అనుమతి ఉన్న హాలు కాని చోట వందమందికి మించి పిలిచి విందు చేస్తే, మూడు పనిదినాల ముందే మునిసిపాలిటీకో పంచాయతీకో చెప్పాలని కూడా వాటిలో రాశారట!

నా చిన్నప్పుడు మా ఊళ్లో చెత్త బండే లేదు. పెరటి వెనక పెంటకుప్ప ఉండేది. పేడ, బూడిద, తిన్న విస్తరాకులు అన్నీ అందులోకే. ఎండాకాలంలో బండికెత్తి పొలానికి తోలేవారు. వానలు పడగానే మిగిలిన కుప్ప మీద, ఎవరూ విత్తకుండానే, గుమ్మడి పాదు లేచేది. పాత ఇనుము ఇస్తే పీచుమిఠాయి ఇచ్చేవాడు వచ్చేవాడు. ఇంట్లో గొడుగు ఊచ కనిపించకపోతే మా నాన్న నా వైపే చూసేవారు. మేం బుద్ధిమంతులమని కాదు, మాకు ప్లాస్టిక్ సంచులు దొరకలేదు, అంతే.

చిన్నీ, వేరుగా ఇచ్చిన చెత్తను వేరుగానే తీసుకెళ్లాలనీ ఆ 2016 నియమాల్లోనే రాశారు. బండిలో అరలు లేకపోతే పాపం అతనేం చేస్తాడు? అరలున్న బండి పంపమని అమ్మ చేత వార్డు కార్యాలయానికి రాయించు. మనం కలిపి ఇస్తే అలా అడిగే నోరుండదు.

ఇంకొకటి. పాల ప్యాకెట్టు మూలను పూర్తిగా కత్తిరించకండి, వేలాడనివ్వండి. గోరంత ముక్క చెత్తలో పడితే ఏరడం ఎవరి తరమూ కాదు, నా ఆవాల లాగే. ఈసారికి మాత్రం ఒక్క ముక్క కత్తిరించి, అరటి తొక్కతో పాటు పాత కుండలోని మట్టిలో పాతండి. రోజూ కాసిని నీళ్లు చిలకరించండి. సంక్రాంతి సెలవుల్లో తవ్వి, ఏది కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య