మన మీద ప్రభుత్వం ఉంది, ప్రభుత్వాల మీద ఎవరున్నారు?

2018 నవంబరు చివర్లో గుజరాత్ వేరావల్ నుంచి వేటకెళ్లిన 22 మంది తెలుగు మత్స్యకారులు పాకిస్తాన్ గస్తీకి చిక్కారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం పేరు అప్పుడే పత్రికలకెక్కింది. శ్రీకాకుళానికి పొడవాటి తీరం ఉన్నా పెద్ద బోట్లు ఆగే హార్బర్ లేదు. అందుకే ఏటా ఎన్నో కుటుంబాలు పడమటి సముద్రానికి వలస పోతాయి. పట్టుబడినవాళ్లు కరాచీ జైల్లో ఏడాది పైన గడిపారు. ఇక్కడ ఆడవాళ్లు అర్జీలు పట్టుకుని నాయకుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మంది సరిహద్దు దాటారు.

ఈ వ్యవహారంలో రూలు లేక కాదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందాన్ని భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ఆమోదించాయి. ఒక దేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే సముద్రంలో, పరాయి బోటు చేపలు పడితే జరిమానా వేయొచ్చు కానీ, వేరే ఒప్పందం ఉంటే తప్ప జైలుశిక్ష వేయకూడదని దాని 73వ అధికరణం చెబుతుంది. తగిన పూచీకత్తు కడితే బోటునూ మనుషులనూ వెంటనే వదలాలి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల పట్టుబడితే ఇది వర్తించదు. పైగా గుజరాత్, సింధ్ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే కయ్య మీది సరిహద్దు తగువు తేలలేదు కాబట్టి అక్కడ ఏ నీళ్లు ఎవరివో కూడా తేలలేదు. సరే, వర్తించే చోటే పట్టుబడ్డారనుకుందాం. వదలకపోతే జర్మనీలోని హాంబర్గ్‌లో సముద్ర చట్ట ట్రైబ్యునల్ ఉంది. అక్కడ విడుదల కోరాల్సింది బోటు మీద ఎగిరే జెండా తాలూకు దేశం, లేదా ఆ దేశం తరఫున వచ్చేవాళ్లు. జైల్లో ఉన్నవాడి భార్య తనంతట తాను వెళ్లి కేసు వేయలేదు.

ప్రపంచ ప్రభుత్వం కావాలా వద్దా అన్న పాత తగువులో అసలు ముడి నా దృష్టిలో ఇదే. పైన ఎవరు కూర్చోవాలన్న దాని గురించి బోలెడు చర్చ జరిగింది. కింది మనిషి ఆ గుమ్మం దాకా నేరుగా వెళ్లగలడా అన్నది మాత్రం ఎప్పుడూ వెనక్కి పోతూ వచ్చింది.

1651లో ఇంగ్లండ్‌కు చెందిన తత్వవేత్త థామస్ హాబ్స్ అన్నాడు: పైన అధికారం లేకపోతే మనుషులు కొట్టుకు చస్తారు, రాజులైతే ఒకరి మీద ఒకరు ఆయుధాలు ఎక్కుపెట్టుకునే ఉంటారు. అయితే రాజుల మీద మరో రాజు కావాలని మాత్రం ఆయన అనలేదు. 1713లో ఫ్రాన్స్‌కు చెందిన సెయింట్ పియర్ యూరప్ రాజులంతా ఒక కూటమి కట్టాలని పథకం గీశాడు. పథకం మంచిదే, రాజులు ఒప్పుకోరుగా అని రూసో పెదవి విరిచాడు.

అసలు చర్చ జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1795లో శాశ్వత శాంతి మీద రాసిన చిన్న గ్రంథంతో మొదలైంది. అంతకు ముందటేడే, 1794 జూలై 10న, పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజును ఈస్టిండియా కంపెనీ సైన్యం చంపింది. కప్పం బకాయిలతో ముదిరిన గొడవ అది. పద్మనాభం సంగతి కాంట్‌కు తెలిసే అవకాశం లేదు. అయినా వర్తక స్థావరాల పేరు చెప్పి హిందుస్థాన్‌లోకి సైన్యాన్ని దింపి, రాజ్యాల మధ్య యుద్ధాలు రెచ్చగొట్టి, జనాన్ని అణచారని ఆ గ్రంథంలో ఆయన తిట్టిపోశాడు. పరాయి నేల మీద అడుగుపెట్టిన మనిషిని, వాడు శాంతంగా ఉన్నంతకాలం, శత్రువులా చూడకూడదన్నది ఆయన పెట్టిన సూత్రం. ఇంత చెప్పినవాడూ ఒకే ప్రపంచ రాజ్యానికి వెనకాడాడు. ఏలుబడి విస్తరించేకొద్దీ చట్టం పలచబడుతుందనీ, ముందు జీవం లేని నిరంకుశత్వం, తర్వాత అరాచకం వస్తాయనీ ఆయన భయం. అందుకే స్వేచ్ఛా దేశాల సమాఖ్యతో సరిపెట్టాడు. అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1999లో ఇదే దారి పట్టాడు.

మనవాళ్లకు మొదట్లో ఆ భయం తక్కువే. 1942 ఆగస్టు 8న బొంబాయిలో కాంగ్రెస్ చేసిన క్విట్ ఇండియా తీర్మానం అందరికీ గుర్తే. స్వేచ్ఛా దేశాల ప్రపంచ సమాఖ్య, దానికో రక్షణ బలగం ఉండాలని అందులోనే ఉందని ఎంతమందికి గుర్తుంది? హిరోషిమా తర్వాత ఐన్‌స్టీన్ ఇంకో అడుగు ముందుకేశాడు. సమితి ప్రతినిధులను ప్రభుత్వాలు పంపడం కాదు, ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని 1947లో సమితికి బహిరంగ లేఖ రాశాడు. ఇది పెట్టుబడిదారీ సామ్రాజ్యవాదానికి ముసుగు అని సోవియట్ శాస్త్రవేత్తలు ఎదురు రాశారు. ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేం. భద్రతా మండలిలో అయిదుగురి వీటో చూస్తున్న దేశాలు, రేపటి ప్రపంచ ప్రభుత్వం ఎవరి చేతుల్లో ఉంటుందని అడగవా?

పైన ఒకే ప్రభుత్వం ఉంటే తగువులు మాయమవుతాయన్న వాదనకు శ్రీకాకుళంలోనే జవాబుంది. వంశధార నీళ్లను ఒడిశా, ఆంధ్ర చెరి సగం పంచుకోవాలన్నది 1962 నాటి మాట. ట్రైబ్యునల్ వేసింది 2010లో, తీర్పు వచ్చింది 2017లో. నేరడి బ్యారేజీకి అనుమతి దొరికింది కానీ, కావలసిన భూమి ఒడిశా వైపు ఉంది. ఒకే రాజ్యాంగం కింద ఇంత సాగదీత. అయినా నేరడి దగ్గర ఏ రాష్ట్రమూ సైన్యాన్ని దింపలేదు, అవతలి రైతును ఏళ్ల తరబడి జైల్లో పెట్టలేదు. ఆ తేడా చిన్నదేం కాదు.

ప్రపంచ రాజ్యం ఎలాగూ వచ్చి తీరుతుందని అమెరికా పండితుడు అలెగ్జాండర్ వెంట్ 2003లో వాదించాడు. అంతదాకా ఆగక్కర్లేదని యూరప్ చూపిస్తోంది. స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టుకు 1998 నుంచి సభ్య దేశాల్లోని ఏ మనిషైనా, సొంత దేశం మీదైనా, పొరుగు దేశం మీదైనా నేరుగా అర్జీ పెట్టుకోవచ్చు. దానికి ఏ ప్రపంచ ప్రభుత్వమూ అక్కర్లేకపోయింది. భారత్, పాకిస్తాన్ మధ్య ఉన్నది 2008 నాటి ఒప్పందం. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు ప్రభుత్వాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు మత్స్యకారుల పేర్లు ఒకరికొకరు అందించుకుంటాయి. ఆ రెండు దేశాలనూ ఒకే గుమ్మం ముందు నిలబెట్టే అర్జీ మాత్రం, ఆ పేర్లలో ఎవరి చేతిలోనూ లేదు.