అపోహలు - వాస్తవాలు: నింద ఆవిరి మీదికి నెట్టకండి

మొన్న బంధువుల పెళ్లిలో, విస్తరి ముందు కూర్చున్నానో లేదో, మళ్లీ అదే ప్రశ్న. "వేడిని ఎక్కువగా పట్టి ఉంచేది నీటి ఆవిరేనటగా? మరి భూమి వేడెక్కడంలో మనుషుల తప్పేముంది?" విశాఖలో ఇరవై ఏళ్లుగా వాతావరణ పరిశీలన పనిలో ఉన్నాను. ఫోన్లలో ఈ మాట మోసుకొచ్చే మెసేజ్ తిరిగినంతగా తుపాను హెచ్చరికలు కూడా తిరగవు.

మొదటి మాట నిజమే. గ్రీన్‌హౌస్ ప్రభావంలో, అంటే గాలి భూమి వేడిని బయటికి పోనీకుండా పట్టి ఉంచడంలో, దాదాపు సగం ఆవిరిదే. కార్బన్ డయాక్సైడ్‌ది ఇంచుమించు 20 శాతం. పేచీ అంతా రెండో మాటతోనే. ఆవిరి గాలిలో సగటున తొమ్మిది పది రోజులే ఉంటుంది, తర్వాత వానై దిగిపోతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి ఇముడుతుంది, చల్లబడితే అంత తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ వానై కురవదు. సముద్రాలు, చెట్లు పీల్చుకోగా మిగిలింది వందల ఏళ్లు ఉండిపోతుంది. పనిలో సింహభాగం కూలీలదే కావచ్చు, ఎంతమందిని దింపాలో చెప్పేది మేస్త్రి. ఇక్కడ కూలీలు ఆవిరి, మేస్త్రి కార్బన్ డయాక్సైడ్. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండమీద కొలవడం మొదలుపెట్టినప్పుడు అది గాలిలో పది లక్షల వంతుల్లో 315 వంతులుండేది, ఇప్పుడు 420 దాటింది. పెరిగింది మన పనుల వల్లే, ముఖ్యంగా బొగ్గు, పెట్రోలు కాల్చడం, అడవులు కొట్టడం వల్ల.

1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి ఎండకు అడ్డుపడింది. భూమి దాదాపు అర డిగ్రీ చల్లబడింది. దాని వెనకే గాలిలో ఆవిరీ తగ్గింది. పెత్తనం ఆవిరిదే అయితే అలా తలొంచుకుని వెనక నడుస్తుందా?

గాలిలో తేమ కొలవడానికి రెండు థర్మామీటర్లు పెడతాం, ఒకటి మామూలుది, ఒకటి తడిగుడ్డ చుట్టింది; రెండింటికీ తేడా ఎంత తక్కువైతే తేమ అంత ఎక్కువ. ఓసారి కొత్త కుర్రాడు ఆ గుడ్డకు నీళ్లు పెట్టడం మరిచాడు. గుడ్డ ఎండి, రెండు థర్మామీటర్లూ ఒకటే చూపించాయి. లెక్క కడితే తేమ నూటికి నూరు! బయటేమో పడమటి గాలికి పెదాలు పగులుతున్నాయి. అంకె చూసి, దాని వెనకున్న కారణం చూడకపోతే ఇంతే. ఆ మెసేజ్‌లదీ ఇదే వరస.

మిగతా అపోహలకు జవాబులు గబగబా: అగ్నిపర్వతాలు ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ మనం వదిలేదాంట్లో ఒక శాతం కూడా ఉండదు. సూర్యుడే కారణమైతే మేఘాలకు పైనుండే గాలి పొర, స్ట్రాటోస్ఫియర్, కూడా వేడెక్కాలి, అది చల్లబడుతోంది.

మా వీధిలో ఒకావిడ మాత్రం నిజంగానే టెన్షన్ పడింది. "మేడ మీద మొక్కలకు రెండుపూటలా నీళ్లు పోస్తాను అన్నయ్యగారూ, ఆ ఆవిరితో వేడి పెంచుతున్నానా?" హాయిగా పొయ్యమ్మా, అది పది రోజుల్లో ఎక్కడో వానై పడిపోతుంది అన్నాను. ట్యాంకు నిండగానే మోటారు మాత్రం ఆపెయ్, ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే.